‘లీజ్ అండ్ లీఫ్’ కొత్త ముద్రణ కోసం ఎదురుచూసేవాళ్లకు: ఉన్నవాటిలో ఏది మేలు, రాబోయేదాన్ని ఎలా పరీక్షించాలి

ఇంగ్లండుకు చెందిన ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్ బృందం 1969 డిసెంబరులో విడుదల చేసిన ‘లీజ్ అండ్ లీఫ్’ ఆల్బమ్ మళ్లీ వస్తుందన్న మాట పుట్టగానే అభిమానులు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. ఎన్ని డిస్కులు? అదనపు పాటలు ఏవి? నల్ల రికార్డా, రంగు రికార్డా? వీటన్నిటికన్నా ముందు అడగవలసింది మరొకటుంది. గాడి కోసిన మూల పలకను ఏ టేపు నుంచి కోశారు, కోసిందెవరు? ఈ రెండింటికీ సూటిగా జవాబు చెప్పే ముద్రణ వస్తే ధర కాస్త ఎక్కువైనా కొనవచ్చు. చెప్పకుండా ‘180 గ్రాములు’, ‘డీలక్స్’ అని మాత్రమే రాసి అమ్మితే ఆగడం మంచిది. ఎందుకు ఆగాలో తెలియాలంటే ముందు ఈ ఆల్బమ్‌లో ఏముందో, ఎలా రికార్డయిందో చూడాలి.

ఇంగ్లండు జానపద గాథలను ఎలెక్ట్రిక్ గిటారు, బేస్, డ్రమ్స్‌తో పాడిన తొలి ఆల్బమ్‌లలో దీనికి పెద్ద పేరు. అంతకుముందు ఈ బృందం ఎక్కువగా అమెరికా వైపు చూసేది. డిలన్, జోనీ మిచెల్ పాటలు పాడేది. 1969 మే 12న ప్రదర్శన ముగించుకుని లండన్‌కు తిరిగి వస్తుండగా ఎం1 రహదారిపై వాళ్ల వ్యాను బోల్తాపడింది. 19 ఏళ్ల డ్రమ్మర్ మార్టిన్ లాంబుల్, గిటారిస్టు రిచర్డ్ థాంప్సన్ స్నేహితురాలు జీనీ ఫ్రాంక్లిన్ చనిపోయారు. మిగిలినవాళ్లు ఆ వేసవిలో హాంప్‌షైర్‌లోని ఫార్లీ చేంబర్లేన్ అనే పల్లెలో ఒక ఇల్లు అద్దెకు తీసుకుని కొత్త పాటలు సాధన చేశారు. డ్రమ్స్‌కు డేవ్ మాటాక్స్ వచ్చాడు. అంతకుముందు అతను డ్యాన్స్ బ్యాండ్లలో వాయించేవాడు. ఫిడేలుకు డేవ్ స్వార్‌బ్రిక్ పూర్తికాలం చేరాడు. బేస్ వాయించే యాష్లీ హచింగ్స్ లండన్‌లోని సెసిల్ షార్ప్ హౌస్ గ్రంథాలయంలో కూర్చుని పాత గాథలు వెతికాడు. గాయని శాండీ డెనీకి ఆ పాటలు జానపద క్లబ్బుల్లో పాడిన రోజులనుంచే తెలుసు. సైమన్ నికల్, రిచర్డ్ థాంప్సన్ గిటార్లు వాయించారు.

రికార్డింగ్ 1969 అక్టోబరు 16 నుంచి నవంబరు 1 వరకు చెల్సీలోని సౌండ్ టెక్నిక్స్ స్టూడియోలో జరిగింది. నిర్మాత జో బాయిడ్, ఇంజనీరు జాన్ వుడ్. అది పూర్వం పాల డెయిరీగా ఉన్న భవనం. మిక్సింగ్ బల్ల కూడా అక్కడే సొంతంగా తయారుచేసుకున్నది. ఈ సమాచారం ఎందుకంటే, ఈ ఆల్బమ్‌లో వినిపించేది ఒక గదిలో కలిసి కూర్చుని వాయించిన మోత. డ్రమ్స్ చుట్టూ గాలి ఉంది, ఫిడేలు చుట్టూ ఉంది. రీమాస్టరింగ్ (పాత టేపును కొత్త ముద్రణ కోసం మళ్లీ సవరించడం) చేసేవాళ్లు శబ్దం పెంచడానికి మెత్తటి భాగాలను పైకి లాగితే ముందుగా పోయేది ఆ గాలే.

మొత్తం ఎనిమిది పాటలు. మొదటి వైపు ‘కమ్ ఆల్ యీ’ 4:55, ‘రేనార్డిన్’ 4:33, ‘మ్యాటీ గ్రోవ్స్’ 8:08, ‘ఫేర్‌వెల్, ఫేర్‌వెల్’ 2:38. రెండో వైపు ‘ది డిజర్టర్’ 4:10, నాలుగు నాట్యబాణీల గుచ్ఛం 4:00, ‘టామ్ లిన్’ 7:20, ‘క్రేజీ మ్యాన్ మైకేల్’ 4:35. కూడితే వైపుకు ఇరవై నిమిషాల చొప్పున నలభై. నిమిషానికి 33⅓ చుట్ల వేగంతో తిరిగే పన్నెండు అంగుళాల రికార్డుకు ఇది సరైన కొలత. వైపుకు 25 నిమిషాలు దాటితే గాడులను దగ్గరగా కోయాలి, శబ్దపు మట్టం తగ్గించాలి. ఇక్కడ ఆ ఇబ్బంది లేదు. కాబట్టి ఈ ఆల్బమ్‌ను రెండు డిస్కులకు విడగొట్టి 45 వేగంతో కోసిన ముద్రణకు రెట్టింపు డబ్బు పెట్టవలసిన అవసరం మాకు కనిపించదు. పైగా ‘మ్యాటీ గ్రోవ్స్’ అయ్యాక లేచి డిస్కు మార్చాల్సి వస్తే, వెంటనే రావలసిన ‘ఫేర్‌వెల్, ఫేర్‌వెల్’ మెత్తదనం చెడిపోతుంది.

‘మ్యాటీ గ్రోవ్స్’ గురించి కొంచెం ఆగి చెప్పాలి. హార్వర్డ్ ఆచార్యుడు ఫ్రాన్సిస్ జేమ్స్ చైల్డ్ సంకలనం చేసిన 305 గాథల్లో ఇది 81వది. పండుగ రోజున ప్రభువు భార్య గుడిలో మ్యాటీని చూస్తుంది, ఇంటికి పిలుస్తుంది. సేవకుడు పరుగెత్తి వెళ్లి ప్రభువుకు చెబుతాడు. తెల్లవారేసరికి మంచం పక్కనే ప్రభువు. కత్తియుద్ధంలో మ్యాటీ చస్తాడు, ఆపైన ఆమె చస్తుంది. ఆమె గొప్ప కులంలో పుట్టింది కనుక సమాధిలో ఆమెను పైన పెట్టమంటాడు ప్రభువు. శాండీ డెనీ అందరి మాటలూ ఒకే గొంతుతో చెబుతుంది. ఎవరికీ గొంతు మార్చదు, ఎవరినీ తిట్టదు. మన బుర్రకథలో కథకుడి వాక్యాన్ని అందుకుని ముందుకు తోసే వంతపాటగాళ్లుంటారు. ఇక్కడ ఆ పని ఫిడేలుది, గిటారుది. చివరి చరణం అయ్యాక రెండు నిమిషాలకు పైగా మాటల్లేకుండా వాయిద్యాలు పరుగెత్తుతాయి. కొత్త ముద్రణను పరీక్షించడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. థాంప్సన్ గిటారు, స్వార్‌బ్రిక్ ఫిడేలు ఒకే స్థాయిలో తలపడేటప్పుడు రెండూ విడివిడిగా వినిపించాలి. కలిసిపోయి ఒకే చప్పుడైతే కోత బాగాలేనట్టు, లేదా సూది అరిగినట్టు.

‘టామ్ లిన్’ చైల్డ్ సంఖ్య 39. స్కాట్లండు సరిహద్దులోని సెల్‌కర్క్ దగ్గరి కార్టర్‌హా అడవి కథ. దేవకన్యల రాణి చెరలో ఉన్న యువకుణ్ని జానెట్ హాలోవీన్ రాత్రి గుర్రం మీదినుంచి లాగి, అతను పాముగా, ఇంకా రకరకాల రూపాలుగా మారుతున్నా వదలకుండా పట్టుకుంటుంది. గిటారు, బేస్, డ్రమ్స్ కలిసి కొట్టే బరువైన దెబ్బ మీద ఈ పాట నడుస్తుంది. ‘ది డిజర్టర్’ కథ ఇంకో తీరు. సైన్యం నుంచి పారిపోయినవాడికి 303 కొరడా దెబ్బల శిక్ష, తర్వాత మరణశిక్ష, చివరికి ప్రిన్స్ ఆల్బర్ట్ బండి వచ్చి విడిపించడం. ‘రేనార్డిన్’ నెమ్మదైన పాట. తాళం కట్టుబాటు దాదాపు లేకుండా గొంతు ఒక్కటే నడుస్తుంటే చుట్టూ వాయిద్యాలు పొగలా కదులుతాయి. నాలుగు బాణీల గుచ్ఛంలో ‘లార్క్ ఇన్ ది మార్నింగ్’ జిగ్, ‘రేకిష్ ప్యాడీ’ రీల్, ‘ఫాక్స్‌హంటర్స్’ స్లిప్ జిగ్, ‘టాస్ ది ఫెదర్స్’ రీల్. మన లెక్కలో చెప్పాలంటే జిగ్‌ది తిశ్ర నడక, రీల్‌ది చతురశ్రం. స్లిప్ జిగ్‌లో మూడేసి మాత్రల గుంపులు మూడు. నాలుగు నిమిషాల్లో నడక ఇన్నిసార్లు మారినా మాటాక్స్ ఎక్కడా తడబడడు. మృదంగం విని పెరిగినవాళ్లు ఈ ఒక్క గుచ్ఛం కోసం ఆల్బమ్ కొనవచ్చని మా అభిప్రాయం.

మిగతావి కొత్తగా రాసినవి. ‘కమ్ ఆల్ యీ’ డెనీ, హచింగ్స్ రాశారు. ‘ఫేర్‌వెల్, ఫేర్‌వెల్’లో పాత గాథ ‘విల్లీ ఓ విన్స్‌బరీ’ బాణీకి థాంప్సన్ కొత్త మాటలు పెట్టాడు. ‘క్రేజీ మ్యాన్ మైకేల్’కు మాటలు థాంప్సన్‌వి, బాణీ స్వార్‌బ్రిక్‌ది. కాకిని చంపినవాడికి ఆ కాకే తన ప్రియురాలని తెలియడం కథ. పాతవాటి పక్కన పెడితే ఏది పాతదో ఏది కొత్తదో పోల్చుకోలేం. అదే ఈ ఆల్బమ్ గొప్పతనం.

విడుదలయ్యేసరికి హచింగ్స్, డెనీ ఇద్దరూ బృందాన్ని వదిలేశారు. అతను స్టీల్‌ఐ స్పాన్, ఆమె ఫోదరింగే మొదలుపెట్టారు. ఈ ఆరుగురితో స్టూడియోలో పూర్తిచేసిన ఆల్బమ్ ఇదొక్కటే కనుక దీని ప్రతి కొత్త టేక్ కోసమూ అభిమానులు ఆరాటపడతారు. బ్రిటన్ పట్టికలో ఇది 17వ స్థానం దాకా వెళ్లింది. 2006లో బీబీసీ రేడియో 2 జానపద పురస్కారాల్లో శ్రోతల ఓటుతో అత్యంత ప్రభావవంతమైన జానపద ఆల్బమ్‌గా నిలిచింది.

ఇప్పుడు కొనడానికి దొరికేవాటి సంగతి.

మొదటి బ్రిటిష్ ముద్రణ ఐలండ్ సంస్థది, సంఖ్య ఐఎల్‌పీఎస్ 9115. తొలివాటికి మొత్తం గులాబీ రంగు లేబుల్. కొంతకాలం తర్వాతవాటికి తాటిచెట్టు బొమ్మ, చుట్టూ గులాబీ అంచు. మంచి స్థితిలో ఉన్న గులాబీ లేబుల్ ప్రతి వింటే బేస్ గట్టిగా, గొంతు దగ్గరగా, ఫిడేలు మొన పదునుగా ఉంటుంది. సమస్య ‘మంచి స్థితి’ అన్న మాటలోనే ఉంది. యాభై ఏళ్ల కిందట చాలా ఇళ్లలో బరువైన చేతులున్న గ్రామఫోన్లు ఉండేవి. అవి రికార్డు లోపలి గాడులను ముందుగా తినేస్తాయి. అందుకే అమ్మేవాళ్లు పైకి ‘మెరుస్తోంది’ అని చెప్పినా రెండు పాటలు మాత్రం వినిపించమని అడగండి. మొదటి వైపు చివరి పాట, రెండో వైపు చివరి పాట. అక్కడ గొంతు చిరిగినట్టు, ‘స’కారాలు ఉమ్మినట్టు వినిపిస్తే ధర సగానికి తగ్గినా వద్దు. అరిగిన గాడి కడిగినా బాగుపడదు. తాటిచెట్టు లేబుల్ ప్రతులు కొంచెం చవక. వినడానికే కొనేవాళ్లకు అవి చాలు. అమెరికాలో ఈ ఆల్బమ్‌ను ఏ అండ్ ఎం సంస్థ వేసింది. సాధారణంగా సముద్రం దాటిన టేపు మూలానికి కాపీయే అవుతుంది. అమెరికాలో ఉండే తెలుగువాళ్లకు పాత దుకాణాల్లో కంటపడేది ముందు ఇదే. సరదాకు తీసుకోండి, చివరి మజిలీ అనుకోవద్దు.

2002లో వచ్చిన రీమాస్టర్ సీడీ ఇప్పటికీ మొదటిసారి కొనేవాళ్లకు మేము చెప్పే పేరు. అంతకుముందు సీడీల కన్నా తెరిపిగా ఉంటుంది. ఎనిమిది పాటల తర్వాత రెండు అదనం. ఒకటి ‘సర్ ప్యాట్రిక్ స్పెన్స్’ డెనీ గొంతుతో. ఈ పాటను 1970లో ‘ఫుల్ హౌస్’లో ఆమె లేకుండా బృందం మళ్లీ పాడింది కనుక రెండూ పక్కపక్కన పెట్టి వినడం మంచి పాఠం. రెండోది ‘క్వైట్ జాయ్స్ ఆఫ్ బ్రదర్‌హుడ్’. రిచర్డ్ ఫరీన్యా మాటలు, ఐరిష్ బాణీ. డెనీ 1972లో తన సొంత ఆల్బమ్‌లో దీన్ని మళ్లీ పాడింది. రెండూ విలువైనవే. అయితే ఆల్బమ్‌ను మొదటిసారి వింటున్నవాళ్లు ‘క్రేజీ మ్యాన్ మైకేల్’ దగ్గర ఆపేయండి. ఆ ముగింపు తర్వాత నిశ్శబ్దం కావాలి. ఫోన్‌లో వినేవాళ్లకూ ఇదే మాట. యాప్ తనంతట తాను తర్వాతి పాటకు వెళ్లే అమరికను తీసేయండి.

2007లో రెండు సీడీల డీలక్స్ ముద్రణ వచ్చింది. రెండో డిస్కులో బీబీసీ రేడియో కోసం పాడినవి, వేరే టేక్‌లు ఉన్నాయి. బీబీసీవి చాలా ముఖ్యం. ఆల్బమ్ రికార్డింగ్‌కు ముందు సెప్టెంబరులోనే బృందం రేడియోకు పాడింది. సెప్టెంబరు 24న లండన్ రాయల్ ఫెస్టివల్ హాల్‌లో ఈ కొత్త బృందం వేదికెక్కింది. పాటలు ఇంకా గట్టిపడని దశ అది. ఒక గాథను బృందం ఎలా మలిచిందో నేర్చుకోవాలనుకునే వాద్యకారులకు ఈ రెండో డిస్కు అసలు డిస్కుకన్నా ఎక్కువ ఉపయోగపడుతుంది. మామూలు శ్రోతలు ఒకటి రెండు సార్లు విని పక్కన పెడతారు. ఆ మేరకు ఆలోచించి కొనండి.

ఇక రాబోయే ముద్రణ నుంచి ఏం అడగాలి. రెండు ఛానెళ్ల అసలు మాస్టర్ టేపు నుంచి నేరుగా కోశారా, లేక డిజిటల్ ఫైలు నుంచా అన్నది ప్రకటనలో స్పష్టంగా ఉండాలి. డిజిటల్ అంటే చెడ్డదని కాదు. టేపును జాగ్రత్తగా, సరైన యంత్రం మీద ఆడించి, ఎక్కువ స్పష్టతతో ఎక్కించి, మట్టాన్ని నొక్కకుండా కోస్తే రికార్డు చాలా బాగుంటుంది. ఇబ్బంది ఎక్కడంటే సీడీ కోసం గట్టిగా నొక్కిన ఫైలునే తెచ్చి వినైల్ మీద పోసినప్పుడు. అలాంటివాటిలో ‘రేనార్డిన్’కు, ‘టామ్ లిన్’కు మధ్య ఉండాల్సిన ఎత్తుపల్లాలు చదునైపోతాయి. ‘అసలు టేపుల నుంచి రీమాస్టర్’ అన్న మాట ఈ రెండు పద్ధతులకూ సరిపోతుంది కాబట్టి దాన్ని చూసి మోసపోవద్దు. ‘టేపు నుంచి నేరుగా లాకర్‌కు’ అని ఉంటేనే మొదటి పద్ధతి. లాకర్ అంటే అల్యూమినియం పలక మీద పూసిన పలుచటి పూత. గాడి మొదట పడేది దాని మీదే.

కొందరు కొత్త మిక్స్ కోరుతున్నారు. మేము వద్దంటాం. జాన్ వుడ్ కుదిర్చిన పాళ్లలో డెనీ గొంతు వాయిద్యాల మధ్య కూర్చుంటుంది. ఇప్పటి అలవాటు ప్రకారం గొంతును ముందుకు లాగితే గాథ చెప్పేవాళ్లకు, వాయించేవాళ్లకు మధ్య ఉన్న సమానత్వం పోతుంది. అదనంగా వేరే డిస్కు మీద ఇస్తే ఇవ్వండి, అసలు ఎనిమిది పాటల చోట వద్దు.

అట్ట సంగతి ఎవరూ పెద్దగా అడగరు కాని అడగాలి. తెరిచే అట్ట లోపలి భాగంలో బ్రిటన్ జానపద ఆచారాల బొమ్మలు, చిన్న వ్యాసాలు ఉన్నాయి. చైల్డ్, జానపద పాటలు సేకరించిన సెసిల్ షార్ప్, మోరిస్ నాట్యం, ఒంటినిండా ముళ్లకాయలు అంటించుకుని ఊరు తిరిగే బర్రీ మ్యాన్, ఇలా. బృందం తాము పాడేది ఎక్కడిదో శ్రోతకు చూపించిన పద్ధతి అది. మన దగ్గర బిరుదురాజు రామరాజు వంటివారు ఊరూరా తిరిగి పాటలు సేకరించి పుస్తకాలకెక్కించారు. ఆ పనికి పాట రికార్డు అట్ట మీదే చోటిచ్చినట్టు ఊహించుకోండి. అసలు ఫిల్ము లేకుండా పాత అట్టను స్కాన్ చేసి అచ్చువేస్తే పాత అచ్చు చుక్కల మీద కొత్త చుక్కలు పడి గళ్లుగళ్లుగా కనిపిస్తుంది, చిన్న అక్షరాలు అలుక్కుపోతాయి. అట్ట తెరవగానే చిన్న అక్షరాల పేరా ఒకటి చదవండి. భూతద్దం లేకుండా చదవగలిగితే అచ్చుకు మార్కులు వేయవచ్చు. తెరిచే అట్టను వదిలేసి మామూలు అట్టలో పెట్టి అమ్మే ముద్రణ అసలు వద్దు.

180 గ్రాముల గురించి ఒక్క మాట. బరువుకు శబ్దానికి సంబంధం లేదు. గాడి లోతు, వెడల్పు 140 గ్రాములదానిలోనూ అంతే. బరువు పెరిగితే అచ్చులో చల్లార్చడానికి ఎక్కువ సమయం ఇవ్వాలి. తొందరపడి తీస్తే వంకర పోతుంది.

రికార్డు ఇంటికి వచ్చాక చేయవలసిన పరీక్షకు గంట చాలు. ముందు గాజు పలక లాంటి చదునైన చోట పెట్టి అంచు పైకి లేచిందేమో చూడండి. లేబుల్‌కు, చివరి పాటకు మధ్య ఉండే ఖాళీ మెరుపు భాగంలో చేత్తో గీసిన సంఖ్యలుంటాయి. కోసినవాళ్లు చాలాసార్లు అక్కడే తమ పొడి అక్షరాలు గీస్తారు. ప్రకటనలో చెప్పిన పేరుకు అవి సరిపోవాలి. తర్వాత చివరి ఖాళీ గాడి మీద సూది పెట్టి టోన్ ఆర్మ్‌ను (సూదిని మోసే చేతిని) ముందునుంచి చూడండి. అది ఊయలలా పక్కలకు ఊగుతుంటే మధ్య రంధ్రం పక్కకు పడింది. ఎంత తేడా అంటే, రంధ్రం అర మిల్లీమీటరు జరిగితే లోపలి గాడుల దగ్గర, అంటే కేంద్రం నుంచి 60 మిల్లీమీటర్ల చోట, వేగం 0.8 శాతం పైకీ కిందికీ పోతుంది. అది స్వరంలో సుమారు 14 సెంట్లు, అంటే ఒక అర్ధస్వరంలో ఏడో వంతు. 1.8 సెకన్లకోసారి, రికార్డు ఒక చుట్టు తిరిగినప్పుడల్లా. డ్రమ్స్ పాటల్లో తెలియకపోవచ్చు కాని ఈ ఆల్బమ్‌లో ఫిడేలు లాగే పొడుగాటి స్వరాల్లో ఇట్టే తెలుస్తుంది. శ్రుతిపెట్టెకు అలవాటుపడిన చెవులకైతే ‘ఫేర్‌వెల్, ఫేర్‌వెల్’ మొదటి వాక్యానికే ఇబ్బంది మొదలవుతుంది. ఈ లోపాన్ని ఇంట్లో సరిచేయలేం, వెనక్కి పంపడమే.

తర్వాత చెవి పని. ‘రేనార్డిన్’ మొదలు మెత్తగా ఉంటుంది కాబట్టి చిటపటలు, గరగర అక్కడ పట్టుబడతాయి. కొత్త రికార్డు మీద నాలుగైదు చిటపటలుంటే దుమ్ము కావచ్చు, కడిగి మళ్లీ వినండి. ఒకే చోట, చుట్టుకోసారి జిప్పు లాగినట్టు ‘జర్ర్’మని వస్తే అది దుమ్ము కాదు. వేడి వినైల్ అచ్చులో గాడి మూలలకు పూర్తిగా చేరలేదు. ఎక్కువగా ఇది ఒక ఛానెల్‌లోనే వినిపిస్తుంది. వాలు వెలుతురులో పట్టుకుంటే ఆ చోట ఇసుక జల్లినట్టు తెల్లటి గీత కనబడుతుంది. ఇది కూడా కడిగితే పోదు. ‘కమ్ ఆల్ యీ’లో బేస్ తబలా దెబ్బంత స్పష్టంగా వినిపించాలి, గుమ్మని ఉబ్బకూడదు. బాణీల గుచ్ఛంలో కమాను దిశ మార్చిన ప్రతిసారీ చిన్న పట్టు తెలియాలి.

ఇంత చేసినా రెండు వైపుల చివర శబ్దం గరుకుగా ఉంటే రికార్డును తిట్టేముందు సూదిని చూడండి. 33⅓ వేగంలో బయటి గాడి సూది కింద సెకనుకు సుమారు 51 సెంటీమీటర్లు పరుగెత్తుతుంది. 60 మిల్లీమీటర్ల దగ్గరికి వచ్చేసరికి 21 సెంటీమీటర్లే. పదివేల హెర్ట్జ్ స్వరం బయట 51 మైక్రాన్ల పొడవున పరుచుకుంటే లోపల 21 మైక్రాన్లలో ఇరుక్కుంటుంది. గుండ్రటి సూది మొన వ్యాసార్థమే 18 మైక్రాన్ల దాకా ఉంటుంది, ఆ మలుపుల్లో పట్టదు. దీర్ఘవృత్తపు మొన పక్కల 8 మైక్రాన్ల ప్రాంతం. మైక్రోలైన్ మొన 3 మైక్రాన్లు. ఆడియో టెక్నికా వీఎం95 వరుసలో ఒకే కార్ట్రిడ్జ్ (సూదిని పట్టి ఉంచే చిన్న పెట్టె) మీద ఈ సూదులన్నీ మార్చుకోవచ్చు. ఈ ఆల్బమ్ కోసం ఖర్చు పెట్టాలంటే ఖరీదైన ముద్రణకన్నా ముందు ఆ మైక్రోలైన్ సూదికి పెట్టమని మా సలహా. సూది గాడి మీద మోపే బరువు 1.8 నుంచి 2.2 గ్రాముల మధ్య, రెండు గ్రాముల దగ్గర మొదలుపెట్టండి. తక్కువ బరువు గాడిని కాపాడుతుందనుకుంటారు కొందరు. నిజానికి తేలిపోయే సూదే గాడి గోడలను చెక్కుతుంది. కార్ట్రిడ్జ్ అమర్చేటప్పుడు స్టీవెన్‌సన్ కొలతలు వాడి చూడండి. అందులో లోపలి సున్నా బిందువు, అంటే సూది కోణంలో తప్పు సున్నా అయ్యే చోటు, 60.3 మిల్లీమీటర్ల దగ్గర పడుతుంది కాబట్టి వైపు చివరి పాటలకు మేలు. సాధారణంగా వాడే బేర్వాల్డ్‌లో అది 66 మిల్లీమీటర్ల దగ్గర.

మన ఊళ్లలో తెప్పించుకునేవాళ్లకు రెండు జాగ్రత్తలు. ఏప్రిల్, మే నెలల్లో పార్సిల్ రాకుండా చూసుకోండి. ఎండలో నిలిపిన డెలివరీ వ్యానులో వేడికి రికార్డు మెత్తబడి వంగుతుంది, ఆ వంపు వచ్చాక తిరిగి చదునవ్వడం కష్టం. వచ్చిన పెట్టెను వెంటనే తెరవకుండా గది చల్లదనానికి కొన్ని గంటలు వదలండి. కడగడానికి బోరు నీళ్లు, కుళాయి నీళ్లు వద్దు. అందులోని ఉప్పు గాడిలో ఆరి తెల్లటి పొరగా మిగిలి గరగరలాడుతుంది. బ్యాటరీ దుకాణంలో దొరికే డిస్టిల్డ్ వాటర్‌లో లీటరుకు రెండు మూడు చుక్కల వాసనలేని సబ్బు ద్రావణం కలిపి, మెత్తటి బ్రష్‌తో గాడి దిశలోనే తుడిచి, మళ్లీ ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో కడగండి. లేబుల్ తడవకూడదు. వానాకాలంలో తీరప్రాంతపు ఇళ్లలో అట్ట లోపల బూజు పడుతుంది. బయటి ప్లాస్టిక్ తొడుగు మూతిని తెరిచి ఉంచండి, సిలికా జెల్ పొట్లాలు అరలో వేయండి. రికార్డును కాగితపు కవరులోంచి తీసి స్టాటిక్ పట్టని పాలిథిన్ లైనింగ్ ఉన్న లోపలి కవరులోకి మార్చండి. బరువు ఒత్తకుండా నిలువుగా నిలబెట్టండి.

ముందస్తు ఆర్డరు ఇవ్వాలా, ఆగాలా అంటే, కోసినవారి పేరు, టేపు సంగతి ప్రకటనలో ఉంటే ఇవ్వండి. లేకపోతే విడుదలయ్యాక ఒక నెల ఆగండి. మొదటి విడతలో అచ్చు లోపాలుంటే ఆ నెలలోనే బయటపడతాయి. ఆర్డరు ఇచ్చేముందు దుకాణం తిరిగి తీసుకునే గడువు ఎన్ని రోజులో, తెరిచిన రికార్డు తీసుకుంటారో లేదో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. ఆ గడువులోపలే రెండో వైపు ఆఖరిదాకా, ‘క్రేజీ మ్యాన్ మైకేల్’లో డెనీ చివరి చరణం పాడేదాకా కనీసం ఒక్కసారి వినాలి. అక్కడ ఆమె గొంతు చిరగకుండా, ఫిడేలు వణకకుండా నిలిస్తే ఆ ప్రతిని ఉంచుకోండి.